కదిలే ఇల్లు, కొండగుర్రం: తెలుగు యాత్రారచనలో మోసేవారి జాడ

తెలుగు యాత్రాచరిత్రల మీద ఇంతవరకు వచ్చిన విమర్శ చాలా భాగం యాత్రికుడు ఏమి చూశాడన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. చరిత్రకారులు ఆనాటి ధరల కోసం, పాలనావ్యవస్థ కోసం ఈ గ్రంథాలను చదివారు. భాషాపరిశోధకులు వ్యావహారిక రూపాల కోసం చదివారు. సాహిత్య విమర్శకులు వర్ణనల కోసం, ఆత్మకథాంశాల కోసం చదివారు. యాత్రికుడు దేనిమీద వెళ్ళాడు, రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఆ పడకను అక్కడికి ఎవరు చేర్చారు అన్న ప్రశ్నలు మాత్రం సంపాదకుల వివరణలకే పరిమితమయ్యాయి. వాహనాన్ని దృశ్యానికి అడ్డురాని గాజుపలకగా భావించడం ఇందుకు కారణం. నిజానికి వాహనమే యాత్రికుని వాక్యాన్ని నిర్ణయిస్తుంది. పల్లకీలో కూర్చున్నవాని వాక్యం ఒకటి, స్కూటరు నడుపుతున్నవాని వాక్యం మరొకటి.

ఈ వ్యాసం రెండు ప్రయాణ సాధనాలను జంటగా తీసుకుంటుంది. ఒకటి, వంటా పడకా వెంట తీసుకుపోయే వాహనం. దాన్ని ఇక్కడ 'కదిలే ఇల్లు' అంటున్నాను. నేడు అమెరికాలోని తెలుగు కుటుంబాలు సెలవులకు అద్దెకు తీసుకునే మోటార్ హోమ్ దీని తాజా రూపం. రెండోది, ఆ ఇల్లు ఎక్కలేని కొండ మీదికి మనిషిని చేర్చే జంతువు: గుర్రం, పొట్టిగుర్రం, కంచరగాడిద. ఈ రెండింటి నడుమ ఒక సరిహద్దు ఉంది. రోడ్డు ముగిసి కాలిబాట మొదలయ్యే చోటు అది. ఆ చోట తెలుగు యాత్రాకథనంలో ఒక విచిత్రం జరుగుతుంది. అంతవరకు బియ్యం గింజతో సహా లెక్క చెప్పిన కథకుడు అకస్మాత్తుగా తనను మోస్తున్నవారి గురించి మౌనం వహిస్తాడు. ఆ మౌనం వ్యక్తుల స్వభావం వల్ల వచ్చింది కాదని, మన కథన సంప్రదాయంలోనూ మన వాక్యనిర్మాణంలోనూ దానికి మూలాలున్నాయని చూపడం ఈ వ్యాసోద్దేశం.

గూడు, తాండా, కార్వాన్

ముందుగా మాటల సంగతి. పైకప్పు వేసిన ఎడ్లబండిని మనం గూడుబండి అన్నాం. గూడు అంటే పక్షి ఇల్లు. బండికి ఇంటి భావాన్ని కట్టిన ఈ మాట మోటారు రాకముందే తెలుగులో ఉంది. డేరా అనే మాట గుడారానికీ విడిదికీ కూడా చెల్లింది. తాండా చరిత్ర ఇంకా ఆసక్తికరం. ఇప్పుడు తాండా అంటే లంబాడీల ఊరు. 2018లో తెలంగాణ ప్రభుత్వం చాలా తాండాలను ప్రత్యేక గ్రామపంచాయతీలుగా గుర్తించింది. కాని ఒకప్పుడు తాండా అంటే ఉప్పూ ధాన్యమూ మోసే ఎద్దుల బిడారుతో కుటుంబమంతా కదిలే సమూహం. కదిలే ఇంటి పేరు కదలని ఊరికి స్థిరపడింది.

హైదరాబాదులో కార్వాన్ అనే పేట పేరుదీ ఇదే గతి. గోల్కొండ వ్యాపారపు బిడారులు ఆగిన చోటు పేటగా మిగిలింది. అదే పర్షియన్ మాట ఇంగ్లీషు దారిలో తిరిగివచ్చి తెలుగు సినిమావారి నోట 'క్యారవాన్' అయింది. చిత్రీకరణ స్థలంలో నటుడు ఒంటరిగా విశ్రమించే బండికి పేరైంది. వందలమంది కలిసి నడిచిన సమూహవాచకం ఒక్కరి ఏకాంతానికి గుర్తుగా మారిందన్నమాట. కేంద్ర పర్యాటక శాఖ 2010లో ప్రకటించిన క్యారవాన్ పర్యాటక విధానం, 2021లో కేరళ చేపట్టిన పథకం ఈ రెండో అర్థాన్నే ముందుకు తీసుకుపోయాయి. బిడారు మాయమై బండి మిగిలింది.

ఈ పరిశీలనకు అల్వాల్‌ను ఒక చూపుకేంద్రంగా ఎంచుకోవడానికి కారణాలున్నాయి. సికింద్రాబాదు దండుకు ఉత్తరపు అంచున ఉన్న ఈ ఊరు 2007లో హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసింది. తిరుమలగిరి, లోతుకుంట దాటి అల్వాల్ మీదుగా బొల్లారం, హకీంపేట, శామీర్‌పేట వైపు పోయే కరీంనగరు రోడ్డుకు నేటి పేరు రాజీవ్ రహదారి. రహదారి అంటే మనకిప్పుడు పెద్ద రోడ్డు. బ్రౌను నిఘంటువు నాటికి అది బాటసారి చేతిలో ఉండవలసిన అనుమతిపత్రం. దారిలో పోనిచ్చే కాగితం పేరు దారికే పేరైంది.

అల్వాల్ పక్కనే బొల్లారంలో రిసాలాబజారు ఉంది. రిసాలా అంటే గుర్రపుదళం. హైదరాబాదు కంటింజెంటు సైన్యానికి బొల్లారం ప్రధాన స్థావరంగా ఉన్న కాలపు జ్ఞాపకమది. ఆ సైన్యపు అశ్వికదళాల వారసత్వం గల దక్కన్ హార్స్ నేడు ట్యాంకుల దళం; పేరులో మాత్రం గుర్రం మిగిలింది. (ఉర్దూలో రిసాలాకు పత్రిక, చిన్న గ్రంథం అన్న అర్థం కూడా ఉంది. పరిశోధన పత్రికలో ఈ మాట ప్రస్తావనకు రావడం ఒక చిన్న సరదా.) ఊరి పేర్లలో గుర్రాలు ఇంతగా మిగిలిన చోట గుర్రాన్ని పెంచినవారూ తోమినవారూ ఎంతవరకు మిగిలారన్నది సహజంగానే తలెత్తే సందేహం. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసము వంటి అశ్వశాస్త్ర గ్రంథం ఉంది. అది గుర్రపు లక్షణాలను శాస్త్రం చేసింది. గుర్రంతోపాటు నడిచిన మనిషికి అటువంటి గ్రంథం లేదు.

ప్రవరుని వాహనం

తెలుగు కావ్యంలో హిమాలయయాత్ర అనగానే గుర్తుకువచ్చేది మనుచరిత్ర. ప్రవరుణ్ణి నిష్ఠాపరుడైన గృహస్థుగా, రూపవంతుడుగా, వరూధినిని తిరస్కరించినవాడుగా విమర్శకులు చర్చించారు. ప్రయాణికుడుగా అతన్ని చూసినప్పుడు మరొక సంగతి కనబడుతుంది. ఇంటిని విడవలేని గృహస్థు ప్రవరుడు. యాత్రికులను ఆదరించి దేశాల ముచ్చట్లు అడిగి తెలుసుకునేవాడు. సిద్ధుడిచ్చిన పాదలేపం అతని సమస్యకు సరైన పరిష్కారం: పొద్దున వెళ్ళి సాయంత్రానికి అగ్నిహోత్రం వేళకు ఇల్లు చేరవచ్చు. మోసేవాడు లేడు, మేత లేదు, కూలి లేదు, బరువు లేదు. తెలుగువాడి ఊహలో పుట్టిన ఆదర్శవాహనం ఇదే అనవచ్చు.

పెద్దన ఆ వాహనాన్ని మంచులో కరిగించాడు. కొండ మీద వాహనం పోగానే ప్రవరునికి మొదట గుర్తొచ్చేది ఇల్లు. వరూధినిని మొదట అడిగేదీ ఇంటికి దారి. వాహనమూ ఇల్లూ ఒకదానికొకటి ముడిపడిన సంగతి ఆ ఘట్టంలో తేటపడుతుంది. దారి చూపడానికి మనిషి సాయం కావలసిన స్థితికి ప్రవరుడు దిగుతాడు. అయినా చివరికి అతన్ని ఇల్లు చేర్చేది మనిషి కాదు, అగ్నిదేవుడు. మోసే మనుషులు లేకుండా కొండకు పోయి రావాలన్న కోరిక కావ్యంలో దైవసాయంతో నెరవేరింది. తర్వాతి యాత్రారచనలో అదే కోరిక వేరే విధంగా నెరవేరుతుంది: మనుషులు మోస్తారు, వాక్యం వారిని మోయదు.

వీరాస్వామయ్య సంసారం

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర తెలుగులో కదిలే ఇంటికి మొదటి పెద్ద దస్తావేజు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాసి పంపిన విశేషాలను ఆయన మరణానంతరం పిళ్ళ గ్రంథంగా కూర్చి 1838లో ప్రకటించారు. 1941లో దిగవల్లి వేంకటశివరావు పీఠికతో, వివరణలతో మళ్ళీ వెలువరించారు. ఈ పరిష్కరణ వల్లనే మన తరానికి ఈ గ్రంథం దక్కింది.

సుమారు వందమంది పరివారంతో, పల్లకీతో, డేరాలతో సాగిన ఈ ప్రయాణం ఒక సంసారం కదలిక. అందుకే గ్రంథంలో ప్రతి మజిలీ దగ్గరా ఒకే ప్రశ్న మళ్ళీమళ్ళీ వినబడుతుంది: ఇక్కడ అంగళ్ళున్నాయా, నీళ్ళు మంచివా, దిగడానికి చోటుందా? కవులు ఊరిని వర్ణించేటప్పుడు కోటతో, గుడితో, తోటతో మొదలుపెడతారు. వీరాస్వామయ్య సరుకు దొరుకుతుందో దొరకదో చెప్పి మొదలుపెడతాడు. దీన్ని శైలీరాహిత్యంగా భావించినవారు ఉండవచ్చు. నా దృష్టిలో ఈ గ్రంథపు నిజమైన కళ ఇక్కడే ఉంది. తన తర్వాత ఇదే దారిన వచ్చే ముసాఫరు కోసం ఆయన రాస్తున్నాడు. చదివేవాణ్ణి రేపటి ప్రయాణికుడుగా ఊహించుకుని రాసిన తెలుగు వచనాల్లో దీనికి సాటి తక్కువ.

సికింద్రాబాదు దండు విడిచి ఆయన ఉత్తరంగా నాగపూరు దారి పట్టిన భాగాన్ని ఈ దృష్టితో మళ్ళీ చదవాలి. హైదరాబాదు నుంచి నాగపూరు వరకు ఆయనది వానకాలపు దారి. రస్తా బాగుందో లేదో, వాగులు ఎక్కడ అడ్డమో, నేల రేగడో రాయో ఆయన శ్రద్ధగా నమోదు చేస్తాడు. ఈ జ్ఞానం ఎక్కడిది? పల్లకీలో పోయేవాని పాదానికి బురద తెలిసే అవకాశం తక్కువ. అడుసులో కాలు ఎంత దిగబడుతుందో, ఏ రాయి జారుతుందో, ఏ వాగు దాటడానికి ఎంతసేపు పడుతుందో మొదట తెలిసేది బోయీకి. బోయీ నడక మందగించినప్పుడు, భుజం మార్చినప్పుడు, పల్లకీ ఒరిగినప్పుడు లోపలివానికి దారి తెలుస్తుంది. కాశీయాత్రచరిత్రలోని దారుల పరిజ్ఞానం చాలావరకు బోయీల పాదాలు సంపాదించినదే. గొంతు మాత్రం కూర్చున్నవానిది.

అయితే వీరాస్వామయ్యకు న్యాయం చేయాలి. బోయీలు ఆయన పుటల నుంచి పూర్తిగా తొలగిపోరు. వ్యక్తులుగా నిలవకపోయినా, ఒక అవసరంగా, ఒక బాధ్యతగా ఉంటారు. వారికి అన్నం దొరికే ఊరే ఆయనకు మంచి మజిలీ. సంసారపు యజమాని లెక్కల పుస్తకంలో సేవకుని స్థానం వంటిది ఇది: పేరుండదు, పద్దు ఉంటుంది. తర్వాతి కాలపు యాత్రారచన పద్దు కూడా కొట్టివేసింది కనుక ఈ భేదం ముఖ్యం.

శ్రీశైలం ఘట్టం దీనికి తోడ్పడుతుంది. ఆత్మకూరు నుంచి నాగలూటి మీదుగా అడవిదారిన సాగిన ఆ ప్రయాణంలో మైదానపు మజిలీల లెక్క చెల్లదు. అక్కడ కందనవోలు నవాబు యాత్రికులపై విధించిన పన్ను కనబడుతుంది, చెంచులు కనబడతారు. కొండ ఎక్కేసరికి యాత్రికుడు తన సంసారం మీద ఆధారపడడం తగ్గి, స్థలం తెలిసిన ఇతరుల మీద ఆధారపడడం పెరుగుతుంది. ఆ ఇతరులను ఆయన గమనిస్తాడు, వారి రీతిని చెబుతాడు. భక్తి ఆయన కళ్ళు మూయలేదు. శ్రీశైలం పన్ను గురించి రాసిన చేయి, మల్లికార్జునుని గురించి రాసిన చేయి ఒకటే కావడం ఈ గ్రంథానికి గౌరవం తెచ్చిన గుణం.

పల్లకీ మోసినవారి గురించి అడగమన్న ప్రశ్న తెలుగు సాహిత్యంలో శ్రీశ్రీ 'దేశచరిత్రలు' ద్వారా స్థిరపడింది. ఆ ప్రశ్నను మనం రాజుల చరిత్రకు వర్తింపజేశాం, యాత్రాచరిత్రకు వర్తింపజేయలేదు. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు 1905లో 'ది గోల్డెన్ త్రెషోల్డ్' సంపుటిలో ఇంగ్లీషులో రాసిన పల్లకీ బోయీల గీతం బోయీలకే గొంతు ఇచ్చింది. కాని ఆ గొంతు మోతలోని తేలికదనాన్నే పాడింది, బరువు పాడలేదు. ఒక చోట బోయీ ప్రశ్నగా ఉన్నాడు, మరో చోట పాటగా ఉన్నాడు. యాత్రికుడు అద్దెకు తీసుకున్న పనివాడుగా అతన్ని వచనంలో చూడడం ఇంకా మిగిలే ఉంది.

యాత్రా బస్సు, కేదారనాథ్ గుర్రం

వీరాస్వామయ్య డేరాలకు నేటి వారసులు యాత్రా బస్సులు. వేసవిలో కాశీ, ప్రయాగ, గయ, హరిద్వారం, బదరీ, కేదారనాథ్ తిప్పి తెచ్చే ఈ బస్సుల్లో బియ్యం బస్తాలు, గ్యాసు పొయ్యి, గుండిగలు, ఆవకాయ జాడీలు, వంటవాడు ఉంటారు. సత్రం ముందో, పెట్రోలు బంకు పక్కనో, చెట్టుకిందో బస్సు ఆగితే అరగంటలో పొయ్యి వెలుగుతుంది. గంగోత్రి దారిలో కూడా చారన్నం దొరుకుతుంది. మోటార్ హోమ్ అనే మాట వినని తెలుగు కుటుంబాలు దశాబ్దాలుగా చేస్తున్నది ఇటువంటి ప్రయాణమే. భేదం ఒక్కటి: అక్కడ ఇల్లు ఒక కుటుంబానిది, ఇక్కడ నలభైమందిది. బిడారు అన్న పాత అర్థానికి యాత్రా బస్సే దగ్గర.

ఈ యాత్రల సాహిత్యం ఎక్కువగా రాతలో లేదు. కాశీ సమారాధన నాడు గంగపూజ అయి, కాశీదారాలు పంచి, విస్తళ్ళు వేసేలోపు చెప్పే మాటల్లో ఉంది. అల్వాల్ వంటి శివారులో ఏ వేసవిలోనైనా ఇటువంటి కథనాలు వినవచ్చు. వీటిని మౌఖిక యాత్రాచరిత్రలుగా గుర్తించడంలో మన శాఖలు ఆలస్యం చేశాయి. జానపద విజ్ఞానంలో నోము కథకు ఉన్న స్థానం యాత్ర కథకు లేదు. రూపంలో మాత్రం ఇది చాలా నియతమైనది: బయలుదేరిన ముహూర్తం, బస్సులో సీటు తగవు, వంటవాని గుణదోషాలు, గంగాస్నానం, ఒకరు తప్పిపోయి దొరకడం, చివరికి కేదారం కొండ. కథ చెప్పేవారు మారినా వరస దాదాపు మారదు.

కేదారం కొండ దగ్గర ఇల్లు ఆగిపోతుంది. పెద్ద బస్సులు సీతాపూర్, సోన్‌ప్రయాగ్ ప్రాంతం దాటవు. అక్కడినుంచి జీపులో గౌరీకుండ్. గౌరీకుండ్ నుంచి 3,583 మీటర్ల ఎత్తున ఉన్న ఆలయానికి కాలిబాట. 2013 జూన్ వరదలో రాంబాడ తుడిచిపెట్టుకుపోయిన తర్వాత బాట మందాకిని అవతలి ఒడ్డుకు మారి, పూర్వపు 14 కిలోమీటర్ల దారి సుమారు 16 కిలోమీటర్లయింది. నడవలేనివారికి గుర్రం, డోలీ, కండీ ఉన్నాయి. కండీ అంటే ఒక మనిషి వీపున మోసే బుట్ట. అందులో మనిషి కూర్చుంటాడు.

ఇక్కడ కథనం భాష మారుతుంది. అంతవరకు వంటవాని పేరు, ఊరు, అతని సాంబారులో పులుపు వరకు చెప్పిన కథకురాలు ఈ ఘట్టంలో వాడే వాక్యాలు దాదాపు ఇవే: గుర్రాలు మాట్లాడుకున్నాం, ఎక్కించారు, భయమేసింది, శివయ్యే తీసుకెళ్ళాడు, దింపారు.

మొదటి క్రియనే చూద్దాం. తెలుగులో బండి మాట్లాడతాం, ఆటో మాట్లాడతాం, పడవ మాట్లాడతాం, గుర్రం మాట్లాడుకుంటాం. మాట సాగేది మనిషితో. బేరం ఆడేవాడు, తల ఊపేవాడు, డబ్బు లెక్కపెట్టుకునేవాడు మనిషే. కాని వాక్యంలో కర్మస్థానం వాహనానిది. సహార్థంలో రావలసిన 'అతనితో' అన్న మాట లోపిస్తుంది. లోపించినట్టు వినేవారికి తోచనైనా తోచదు. అద్దెకు తీసుకోవడాన్ని మాటగా చెప్పిన ఈ పలుకుబడి ఎంతో మానవీయంగా మొదలై ఉండాలి. ధర ముద్రించిన చీటీ కాక మాటే ఒప్పందమైన లోకం దానిలో ఉంది. అదే పలుకుబడి మాట పంచుకున్న రెండోవాణ్ణి వాక్యం నుంచి తప్పించింది.

'ఎక్కించారు', 'దింపారు' అన్నవి కర్తలేని బహువచనాలు. 'కరెంటు తీశారు', 'దర్శనం ఆపారు' అన్న వాక్యాల వంటివి. వ్యవస్థలను, కార్యాలయాలను చెప్పడానికి తెలుగు ఈ నిర్మాణాన్ని వాడుతుంది. ఒక మనిషి చేయి పట్టి జీను మీద కూర్చోబెట్టిన పనికి కూడా అదే నిర్మాణం వాడినప్పుడు ఆ మనిషి ప్రకృతిశక్తి వంటి అవ్యక్తకర్త అవుతాడు. అతన్ని పేర్కొనక తప్పనిచోట 'గుర్రంవాడు' వస్తాడు: పేరు జంతువుది, '-వాడు' మాత్రం మనిషిది. నాలుగైదు గంటలు పక్కన నడిచి, జారే మలుపుల్లో కళ్ళెం పట్టి, లోయవైపు కాక కొండవైపు జంతువును తోలిన వ్యక్తికి కథనంలో మిగిలేది ఈ ప్రత్యయమే.

జంతువు విషయంలోనూ భాష కొంత సర్దుబాటు చేసింది. ఆ దారిలో బరువు మోసేవాటిలో చాలా భాగం కంచరగాడిదలు, హిందీలో ఖచ్చర్లు. తెలుగు కథనంలో అవన్నీ గుర్రాలే. గాడిదనెక్కి దేవుని దగ్గరికి వెళ్ళామని చెప్పడానికి మన సంస్కారం ఒప్పుకోదు కాబోలు. శుభ్రమైన పేరు పెట్టడంతో జంతువు అలసట కూడా కథలోంచి జారిపోతుంది. 2022 యాత్రాకాలంలో ఈ దారిన పెద్ద సంఖ్యలో జంతువులు చనిపోవడం, విషయం ఉత్తరాఖండ్ హైకోర్టు ముందుకు రావడం పత్రికల్లో వచ్చింది. ఆ వార్త యాత్రాకథనంలోకి రాలేదు. వార్తకూ కథనానికీ మధ్య ఈ ఎడం ఎందుకుందో అడగడం విమర్శ పని.

శివయ్యే తీసుకెళ్ళాడు అన్న వాక్యాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. డెబ్బై ఏళ్ళ మనిషి పొగమంచులో ఇరుకుబాటన గుర్రం మీద ఊగుతున్నప్పుడు ఆ మాట నిజమైన అనుభవం. భయం అక్కడ భక్తిగా మారుతుంది. కథ వినేవారు కళ్ళొత్తుకునేదీ అక్కడే. కాని మనుచరిత్రలో అగ్నిదేవుడు చేసిన పనిని ఇక్కడ శివునికి అప్పగించడంలో ఒక సాహిత్య సంప్రదాయపు కొనసాగింపు ఉంది. మానవకర్త ఉండవలసిన చోట దివ్యకర్తను నిలపడం మనకు బాగా అలవాటైన కథనమార్గం. వీరాస్వామయ్య ఈ మార్గంలో పోలేదు. ఆయన పన్నునూ దేవుణ్ణీ విడివిడి వాక్యాల్లో ఉంచాడు.

ఎక్కేవారి తూకం

అమెరికాలోని తెలుగువారి యాత్రాకథనాలు ఈ చర్చకు అవసరమైన పోలికనిస్తాయి. కె. గీత 'నా కళ్ళతో అమెరికా' వంటి ధారావాహికల వల్ల ఆ దేశపు ఉద్యానవనాలు తెలుగు పాఠకులకు పరిచయమయ్యాయి. ఆర్వీ అని పిలుచుకునే మోటార్ హోమ్‌లో కుక్కరూ పోపుడబ్బా సర్దుకుని బయలుదేరడం అక్కడి కుటుంబాలకు తెలిసిన వేడుక. యాత్రా బస్సులో వంటవాడు ఉన్నందువల్ల ఆడవాళ్ళకు కొన్నాళ్ళు పొయ్యి తప్పుతుంది; మౌఖిక కథనాలు చెప్పేవారిలో స్త్రీలు ముందుండడానికి ఇది ఒక కారణం కావచ్చు. మోటార్ హోమ్‌లో వంటిల్లు కూడా వెంట వస్తుంది, చాలాసార్లు వంటపనీ ఆమె వెంటే వస్తుంది. ఇల్లు కదిలినంత మాత్రాన ఇంటిపని కదలదు.

అక్కడా కొండ దగ్గర ఇల్లు ఆగుతుంది. మొంటానాలోని గ్లేసియర్ ఉద్యానవనంలో కొండను దాటే ప్రధాన రోడ్డు మీద ఒక హద్దు దాటాక 21 అడుగుల కన్న పొడవైన, 8 అడుగుల కన్న వెడల్పైన వాహనాలను అనుమతించరు. పెద్ద మోటార్ హోమ్‌ను కింద నిలిపి, గుర్రం మీదో చిన్న బండిలోనో కాలినడకనో పోవాలి. గ్రాండ్ కాన్యన్‌లో దిశ తలకిందులు: అక్కడ కంచరగాడిద మీద లోయలోకి దిగి మళ్ళీ ఎక్కుతారు. దాన్ని అక్కడ మ్యూల్ అనే అంటారు. గుర్రంగా ఉన్నతి కల్పించరు. లోయ అడుగున రాత్రి బస చేసే స్వారీకి ఎక్కేవారి బరువు దుస్తులతో సహా 200 పౌండ్లు మించకూడదు. ముందుగా తూకం వేస్తారు.

ఈ తూకం సాహిత్య విమర్శకు పనికివచ్చే విషయం. తూకపు యంత్రం మీద నిలబడిన యాత్రికుడు ఒక క్షణం తానే సరుకు అవుతాడు. మోసే జంతువుకు ఒక హద్దు ఉందని, ఆ హద్దును బట్టి తనను కొలుస్తున్నారని ఎరుక కలుగుతుంది. అటువంటి సన్నివేశం హాస్యంగానో సిగ్గుగానో కథనంలోకి వచ్చే అవకాశం ఎక్కువ. కేదారం దారిలో బరువు బేరంలో భాగమవుతుంది. లావుగా ఉన్నవారికి రెండు రూపాయలు ఎక్కువ అడుగుతారు, నవ్వుతూ తగ్గించుకుంటాం. అక్కడ బరువు నియమం, ఇక్కడ బరువు మాట. అక్కడి పద్ధతిలో పనివాళ్ళకు అంతా న్యాయమే జరుగుతుందని నేననను. నియమం కథకుని చూపును ఒకసారి వాహనం వైపు తిప్పుతుంది, బేరం తిప్పదు అన్నంతవరకే నా పరిశీలన.

మోసేవాడు లేకుండా ప్రయాణించిన రచయితలు మనకున్నారు. ఆచార్య మాచవరపు ఆదినారాయణ 'భ్రమణ కాంక్ష' పాదయాత్రల పుస్తకం. పరవస్తు లోకేశ్వర్ స్కూటరు మీద ఛత్తీస్‌గఢ్ తిరిగి రాశారు. తనను తాను మోసుకునే యాత్రికుని వచనంలో మనుషులు ఎక్కువగా కనబడడం యాదృచ్ఛికం కాదు. నీళ్ళు అడగాలి, పడుకునే చోటు అడగాలి, దారి అడగాలి. ఇల్లు వెంట లేనివాడు ఇతరుల ఇళ్ళలోకి వెళ్ళక తప్పదు. అయితే ఈ రచనలను ఆదర్శంగా నిలిపి, గుర్రమెక్కిన ముసలివారిని నిందించడం అన్యాయం. నడక ఆరోగ్యవంతుల హక్కు, కొంతవరకు సెలవు దొరికినవారి హక్కు. మోకాళ్ళు అరిగిన తల్లికి కేదారం చూడాలని ఉంటే ఎవరో ఒకరు మోయవలసిందే. మోయించుకోవడంలో తప్పులేదు, మోయించుకున్న సంగతి చెప్పగల వాక్యం మన దగ్గర ఉందా అన్నదే చర్చ.

ఉంది. కావలసిన సామగ్రి తెలుగులో కొత్తగా తయారు చేయనక్కరలేదు. మాట్లాడుకున్నాం అన్న క్రియ పక్కన లోపించిన సహార్థాన్ని తిరిగి చేరిస్తే చాలు: ఫలానా ఊరి ఫలానా మనిషితో గుర్రం మాట్లాడుకున్నాం. ఎక్కించారు అన్నచోట ఎక్కించాడు, లేదా అతని పేరు. ఈ చిన్న మార్పుతో కథ ఎటు తిరుగుతుందో ఊహించవచ్చు. పేరు వచ్చాక ఊరు వస్తుంది. ఊరు వచ్చాక ఆరు నెలల యాత్రాకాలం ముగిస్తే అతను ఏం చేస్తాడన్న ప్రశ్న వస్తుంది. గుర్రం అతనిదా, మరొకరిదా అన్నది వస్తుంది. వీరాస్వామయ్య అంగళ్ళ గురించి అడిగినంత శ్రద్ధగా ఈ ప్రశ్నలు అడిగిన యాత్రాచరిత్ర తెలుగులో వస్తే అది కాశీయాత్రచరిత్రకు నిజమైన వారసురాలు.

2025 మే నెలలో కేదారనాథ్ దారిలో గుర్రాలకు ఇన్‌ఫ్లుయెంజా సోకి కొన్ని చనిపోవడంతో వాటి రాకపోకలను కొన్నాళ్ళు ఆపివేశారు. గుర్రం లేని ఆ రోజుల్లో కాలినడక, హెలికాప్టరు కాక కొండెక్కడానికి మిగిలినవి డోలీ, కండీ. జంతువు తప్పుకున్న చోట మనిషి వీపు నేరుగా ముందుకు వచ్చింది. వీపున బుట్ట కట్టుకుని, బుట్టలో మనిషిని కూర్చోబెట్టుకుని, కర్ర ఆనించి మెట్టుమెట్టుకూ ఆగి ఊపిరి పీల్చుకునే ఆ మోతను చెప్పడానికి కూడా మన కథనంలో ఉన్న వాక్యం పాతదే: కండీ మాట్లాడుకున్నాం.